మా అత్తగారితో నువ్వన్న మాట

వద్దక్కా, దిండు వద్దు. దిండుతో తగ్గే నొప్పయితే ఏడో నెలలోనే తగ్గేది. ముందు నువ్వు కూర్చో. పిల్ల ఇప్పుడే పడుకుంది, లేపకు.

మా అత్తగారితో ఏమన్నావు?

అదే, నాకు ఏడో నెలప్పుడు, ఫోన్‌లో. గుర్తులేదా? ఆవిడకి పొల్లుపోకుండా గుర్తుంది. "దానికి చిన్నప్పట్నుంచీ అంతే అత్తయ్యగారూ, చీమ కుట్టినా ఊరంతా తెలియాలి" అన్నావట. ఈ పొద్దున పిల్ల బట్టలు మడతపెడుతూ నవ్వుతూ చెప్పారు. ఆవిడ తప్పేముందిలే! ఇరవయ్యేళ్లుగా కాన్పుల వార్డులో నర్సువి. నీ మాట కాదని నా మాట నమ్ముతారా?

మరి నాతో ఏమన్నావు? "నేనున్నాగా నా తల్లీ" అన్నావు. అవునా, కాదా?

నీ ఫోన్ తర్వాతేగా మా ఆయన నన్ను చెయ్యిచ్చి లేపడం మానేసింది! "నీ అంతట నువ్వే లే, అలవాటవుతుంది" అనేవాడు. మంచం మీద పక్కకి తిరగాలంటే, తొడల మధ్య ఎముకని ఎవరో రెండు చేతుల్తో చీలుస్తున్నట్టుండేదక్కా. ఒంటికాలి మీద నిలబడి ప్యాంటు తొడుక్కోలేక, బాత్రూం గోడకి ఆనుకుని ఏడ్చాను.

కాన్పయితే పోతుందన్నారు. ఎక్కడ పోయింది? మూడో నెల టీకాకి, పిల్లని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ రెండంతస్తులు దిగాను. కిందింటాయన చూసి తల తిప్పుకున్నాడు.

అప్పుడూ నిన్ను అనుమానించలేదు. నన్నే అనుమానించుకున్నా. నిజం! నా నొప్పి నాకే నటనేమో అనిపించింది.

కిందటి నెల ఒక్కదాన్నే ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికెళ్లా. రెండు వేళ్లతో నొక్కి, "ఇక్కడేనా?" అంది. అంతే, భోరుమన్నా. "చాలామందికి వచ్చేదే ఇది. ఇన్నాళ్లెలా ఓర్చుకున్నారమ్మా?" అంది. ఓర్చుకున్నానట అక్కా! నేను!

ఏడవకు. నువ్వేడిస్తే మళ్లీ నేనే ఓదార్చాలి, నాకిప్పుడంత ఓపిక లేదు.

ఇంకోటి చెప్పనా? తగ్గుతోంది. ఆవిడ చెప్పిన వ్యాయామాలు మానకుండా చేస్తున్నా. నిన్న కూరల సంచీ మోసుకుంటూ వీధి చివర్నుంచి నడిచొచ్చా, తెలుసా? ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. గుమ్మంలోకి రాగానే మళ్లీ కుంటడం మొదలెట్టా.

ఏం చెయ్యమంటావు? తగ్గిందంటే చాలు, "చూశావా, ఏమీ లేదన్నామా!" అంటారు. నువ్వన్నదే నిజమైపోతుంది.

దానికంటే కుంటడమే నయం.