దొరగారి కారవానులో ప్రేమరాజు వెలిగించిన హీటరు

ప్రేమరాజు నోరు విప్పాడంటే దుబాయ్ దగ్గర జెబెల్ అలీ క్యాంపులో ఎవరి చేతిలో టీ వాళ్ళ చేతిలోనే చల్లారిపోవాల్సిందే. అలాంటివాడు ఆ శుక్రవారం సాయంత్రం అరగంట నుంచి నోరు మూసుకుని కూర్చున్నాడు. కారణం ఒక బిస్కెట్ల డబ్బా.

నీలం రంగు గుండ్రటి రేకు డబ్బా. రేవు కట్టిస్తున్న ఇంజనీరు హారిస్ దొర దాన్ని రత్నబాబుకి బహుమానంగా పంపించాడు. హయాత్ బాషా లాండ్రీ ముందు, రేకుల పంచ కింద, బల్ల మీద మూత తీసి పెట్టారు. దయారాణి అందులోంచి ఒకటి తీసుకుని చిన్నగా కొరికి, "బాగున్నాయండీ" అంది రత్నబాబుతో. ప్రేమరాజుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

దయారాణి దుబాయ్‌లో ఆస్పత్రి నర్సు. అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి, ఆ రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక మేనమామ దేవదానాన్ని చూడ్డానికి వస్తుంటుంది. దేవదానం క్యాంపు మెస్సులో పెద్ద వంటవాడు. మేనకోడలికి సంబంధం చూసే బాధ్యత ఆయనదే. ఆయన దృష్టిలో ఇద్దరున్నారు. ఇద్దరూ పైపు ఫిట్టర్లే, ఇద్దరూ గోదావరి వాళ్ళే, ఇద్దరూ ఒకే బ్యారక్‌లో పక్కపక్క మంచాల వాళ్ళే. ఒకడు ప్రేమరాజు, రెండోవాడు రత్నబాబు. రేపు ఊరెళ్ళే మనిషి చేతికి ఉత్తరమివ్వాలనీ, అందులో ఎవరి పేరు రాయాలో ఈ సాయంత్రం తేల్చుకుంటాననీ దేవదానం పొద్దున్నే అన్నాడు. ఆ మాట చెవిన పడ్డాక ప్రేమరాజు రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

తీరా వచ్చి చూస్తే అందరి నోటా రత్నబాబు హీటరు కథే.

హారిస్ దొరకి క్వార్టరు ఇంకా కట్టలేదు. భార్యనీ, రెండేళ్ళ పాపనీ పెట్టుకుని సముద్రం ఒడ్డున కారవానులో ఉంటున్నాడు. కారవానంటే కారు వెనక తగిలించి లాక్కుపోయే చక్రాల ఇల్లు. జనవరి చలికి అందులో గ్యాసు హీటరు ఉంది. వారం కిందట షమాల్ గాలి వచ్చి ఇసుకంతా ఎత్తి పోసిన మర్నాటి నుంచి అది మొరాయించింది. వెలిగిస్తే మంట పసుపుగా లేవడం, కాసేపు కొట్టుకులాడి ఆరిపోవడం. చలికి ఆగలేక దొరసాని పాపని తీసుకుని దుబాయ్ వెళ్ళిపోయిందని క్యాంపులో చెప్పుకున్నారు. రత్నబాబు వెళ్ళి సిలిండరు మార్చి చూశాడు, రెగ్యులేటరు విప్పి చూశాడు, గొట్టం అతుకులకి సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూశాడు. ఆఖరికి ఏదో తీసేస్తే మంట నీలంగా, నిలకడగా వెలిగింది.

"నీ చేతిలో ఏదో మహత్తుండాదప్పా రత్నబాబూ" అన్నాడు హయాత్ బాషా, ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి. కడప మనిషి, క్యాంపులో అందరి బట్టలూ ఉతికేది ఆయనే.

"మహత్తేముంది భాయ్. ఏదో చెత్త అడ్డం పడింది, తీసేశాను" అన్నాడు రత్నబాబు తల దించుకుని.

ఆ తల దించుకోవడం చూసేసరికి ప్రేమరాజు ఇక ఉండలేకపోయాడు. వీడికి గొప్పలు చెప్పుకోవడం కూడా రాదు, అయినా డబ్బా వీడికే వచ్చింది!

"చెత్త తీసేస్తే హీటరు వెలుగుద్దా? ఎవరికి చెప్తావు రత్నం! అసలా కారవాను ఇవాళ నిలబడి ఉందంటే ఎవరి పుణ్యమండీ? షమాల్ వచ్చే రోజు మధ్యాహ్నం ఫోర్‌మాన్ నన్ను పిలిచి, రాజూ, దొరగారి కారవానుకి తాళ్ళు కట్టి రారా అన్నాడు. తాళ్ళు కట్టి ఊరుకుంటే నేను ప్రేమరాజునెందుకవుతాను? గాలిదుమారం వస్తుందంటే మన బ్యారక్‌లో ఏం చేస్తామండీ? కన్నం కనపడితే గుడ్డ కుక్కుతాం. ఆయ్! అలాగే కారవాను చుట్టూ తిరిగి, కిటికీ సందులు, తలుపు సందులు, పైకెక్కి అక్కడ గొడుగు పెట్టుకున్న గొట్టం, ఒక్క కన్నం వదల్లేదు. నా సొంత లుంగీ చింపి మరీ కుక్కాను. దొరసాని పాలగ్లాసులో ఒక్క ఇసుక రేణువు పడిందేమో అడిగి రండి!"

దయారాణి చేతిలో బిస్కెట్ అలాగే ఆగిపోయింది. కళ్ళెత్తి ప్రేమరాజునే చూసింది. ఆ చూపుతో అతనికి ఎక్కడ లేని ఊపూ వచ్చింది.

"రాజూ, ఆ సంగతి ఇప్పుడెందుకులే" అన్నాడు రత్నబాబు గాభరాగా.

'అదీ కుళ్ళంటే! పేరు పంచుకోవాల్సొస్తుందని ఎలా గింజుకుంటున్నాడో' అనుకున్నాడు ప్రేమరాజు. నిజానికి అప్పటిదాకా అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అక్కడితో ఆగితే అతని సొమ్మేం పోయేది కాదు. కానీ అమ్మాయి చూస్తోందాయె.

"ఎందుకేంటి, చెప్పాల్సిందే! మర్నాడు దొర నా మంచం దగ్గరికి స్వయంగా వచ్చాడండి. ప్రేమరాజూ, హీటరు ఖలాస్, నువ్వు రావాలి అన్నాడు. నేను లేవలేదు. పడుకునే ముక్కు ఎగబీల్చాను. అక్కడికి రెండు మైళ్ళు కదా? ఇక్కడ నుంచే వాసన పట్టి, దొరగారూ, మీ రెగ్యులేటరు అర చుట్టు వదులైంది అన్నాను. దొర బుర్ర తిరిగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇగ చెప్పకుంటే నువ్వు ఊకుంటవా అన్నా" అన్నాడు రాజేశ్వర్. కరీంనగర్ నుంచి వచ్చిన మేస్త్రీ, మాటకి మాట అందించే మనిషి.

"వెళ్ళి సిలిండరుకి చెవి ఆనించాను. లోపల చప్పుడు లేదు. గ్యాసు పేరుకుపోయిందండీ బాబూ, చలికాలం కొబ్బరినూనె పేరుకున్నట్టు! ఇంకొకడైతే సిలిండరు మార్చండి అని చేతులు దులుపుకుంటాడు." ఇక్కడ ప్రేమరాజు రత్నబాబు వైపు ఓరగా చూశాడు. "నేను దాన్ని దుప్పట్లో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లాణ్ణి జోకొట్టినట్టు జోకొట్టాను. గంటకి కరిగింది. గళగళమని చప్పుడు కూడా వినిపించింది. అప్పుడు గీశానండీ అగ్గిపుల్ల!"

"అంటుకునిందా?" అన్నాడు హయాత్ బాషా.

"అంటుకోవడమా! నీలం మంట, నా నిలువెత్తు. ఆ వేడికి కారవాను ఒక్కసారి ఊగింది, చక్రాలు నేల వదిలేశాయి, తాళ్ళు పటపటా తెగిపోయాయి. అది అబుదాబి రోడ్డెక్కి పోతుంటే ఒంటెలు సూర్యుడు పడమర పొడిచాడనుకుని వెనక్కి తిరిగి నడిచాయి. దారిలో ఖర్జూరాలు జనవరిలో పండి రాలాయి. లోపల దొరసాని కిటికీలోంచి ప్రేమరాజూ, ప్రేమరాజూ అని ఒకటే కేకలు!"

"దొరసానికి నీ పేరెట్ల తెలిసెనే?"

"మధ్యలో అడ్డు రాకు రాజేశ్వర్. పరిగెత్తాను. తాడు కొస అందింది. మడమలు నేలకి తన్నిపెట్టి లాగాను. అది ఆగితేనా! గిర్రున తిరిగి సముద్రం వైపు లంకించుకుంది. నేను తాడు వదల్లేదు. నా మడమలు దిగిన చోటల్లా భూమి చీలిపోతా వచ్చింది. ఇవాళ ఓడలరేవని పెద్ద పెద్ద యంత్రాలు పెట్టి తవ్వుతున్నారే, ఆ గొయ్యి ఎవరు మొదలెట్టారనుకుంటున్నారు? ఇవిగో, ఈ రెండు మడమలు!"

చెప్పులు వదిలి మడమలు కూడా చూపించాడు. పంచ కింద నవ్వులు లేచాయి. రత్నబాబు మాత్రం నవ్వలేదు. ప్రేమరాజుకి అది చల్లగా తగిలింది. ఏడవనీ, ఇన్నాళ్ళూ నేను ఏడవలేదూ!

"రేవు మొత్తం నీ మడిమెలతోనే తవ్వినవా అన్నా?"

"మరేనండి. ఎడమ మడమ కాస్త లోతు దిగింది, రేపు పెద్ద ఓడలన్నీ ఆ పక్కే ఆగుతాయి చూస్కోండి. ఆ వేడికి సముద్రం మరిగి చేపలు ఉడికి ఒడ్డుకొచ్చేశాయి. దేవదానం గారూ, మంగళవారం మెస్సులో చేపల పులుసు పెట్టలేదూ మీరు? ఆ చేపలెక్కడివి?"

"ఫ్రీజరులోవి బాబూ" అన్నాడు దేవదానం.

"ఫ్రీజరులోకి ఎక్కణ్ణుంచి వచ్చాయని నా ప్రశ్న! సరే, సముద్రం ఒడ్డున కారవాను మీదికి ఒక్క గంతు వేసి, పంటితో వాల్వు కట్టేశాను. దించి, చక్రాలు సర్ది, యథాస్థానంలో పెట్టి, మంట చిన్నది చేసి వచ్చాను. కంపెనీ మేనేజరు, ఆ ముదీర్, నా చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మర్నాడు ఈ రత్నం వెళ్ళి మూత బిగించి డబ్బా తెచ్చుకున్నాడు. తిననివ్వండి, నాకేం కుళ్ళా?"

ప్రేమరాజు గ్లాసు ఎత్తి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. దేవదానం ముఖంలోకి చూశాడు. ఆయన మేనకోడలి ముఖంలోకి చూస్తున్నాడు.

"ప్రేమరాజు గారూ" అంది దయారాణి. ఆమె తన పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఖర్జూరాలూ, చేపలూ అలా ఉంచండి. మొదట చెప్పారే, షమాల్ ముందు కన్నాలన్నీ మూసింది మీరేనని. అదైనా నిజమేనా?"

"అదైనా ఏంటండీ! బైబిలు మీద ఒట్టు. నా చేతుల్తో నేనే మూశాను. పక్కన పురుగు లేదు."

"పైన గొడుగు గొట్టం కూడా?"

"ముందు అదే మూశాను!"

రత్నబాబు కళ్ళు మూసుకున్నాడు. దయారాణి చేతిసంచీ తెరిచి, మడతపెట్టిన గుడ్డముక్క ఒకటి తీసి హయాత్ బాషా ముందు పెట్టింది. పచ్చగళ్ళ లుంగీ ముక్క. ఉతికినా ఒక వైపు మసి వదల్లేదు.

"ఈ నంబరు ఎవరిది భాయ్?"

క్యాంపులో ఏ బట్టకైనా అంచు మీద చెరగని సిరాతో మంచం నంబరు వేసి గానీ హయాత్ బాషా నీళ్ళలో ముంచడు. ఆయన మడత విప్పి, అంచు చూసి, తలెత్తి ప్రేమరాజు వైపు చూశాడు.

"ఇరవయ్యేడు" అన్నాడు మెల్లగా. "సిరా నాదే. లుంగీ నీదే కదప్పా."

ఇరవయ్యేడో మంచం ఎవరిదో ఎవరూ అడగలేదు.

"అది పొగగొట్టమండీ" అంది దయారాణి. "హీటరు పొగ బయటికి పోయేది దాంట్లోంచే. అది మూసుకుపోయి పొగంతా లోపలికే వచ్చింది. ఆ పొగకి వాసనుండదు, రంగుండదు. దొరసాని చలికి వెళ్ళిపోలేదు, మా ఆస్పత్రికి వచ్చింది. వాంతులు. పాపకి ఒళ్ళు తెలియలేదు. ఆక్సిజన్ పెట్టి నేనే ఒళ్ళో పట్టుకు కూర్చున్నాను. ఎప్పటికో ఏడ్చింది. ఆ ఏడుపు విని డాక్టరుగారు కుర్చీలో కూలబడిపోయారు. ఇప్పుడు బాగానే ఉంది."

ఒళ్ళో సిలిండరు పెట్టుకుని జోకొట్టానని ఇందాకే చెప్పిన చేతుల్ని ప్రేమరాజు, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

"రత్నబాబు గారు గొట్టంలోంచి తీసిన ఈ గుడ్డని దొర ఆస్పత్రికి తెచ్చి చూపించారు. దొరసాని కోప్పడలేదు. ఎవరో ఇసుక రాకూడదని మంచికే పెట్టి ఉంటారు, ఇంకెవరింట్లోనూ అలా పెట్టొద్దని చెప్పు అంది. ఆ మనిషి ఎవరో కనుక్కుందామనే ఇవాళ ఇది తెచ్చాను. రత్నబాబు గారిని అడిగితే తెలీదన్నారు."

ప్రేమరాజు రత్నబాబు వైపు తిరిగాడు. "నంబరు చూశావా?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెడు తలపెట్టి చేశావా ఏంటి? నీ పేరు చెప్తే పని పోతుంది. చెత్త అన్నాను, అయిపోయింది. నువ్వే ఊరుకోలేదు" అన్నాడు రత్నబాబు.

వాడు తిట్టినా బాగుండేది. నాలుగు తన్నినా బాగుండేది. ఇన్నేళ్ళూ వాడి పనితనం చూసి కుళ్ళుకున్నాడు ప్రేమరాజు, దొరలు వాణ్ణి పిలుస్తారని కుళ్ళుకున్నాడు, బిస్కెట్లు చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు వాడి మంచితనం చూసి కుళ్ళుకోవాల్సొచ్చింది. అన్నిటికంటే ఇదే ఎక్కువ మండింది.

రాజేశ్వర్ గుడ్డముక్క రెండు వేళ్ళతో ఎత్తి వెలుతురులో చూశాడు.

"గంత పెద్ద రేవు తవ్వినవ్, పంటితోని వాల్వు కట్టేసినవ్. గింత గుడ్డపేలిక తీసుడు మర్సిపోయినవా అన్నా?"

పంచ రేకులు ఎగిరిపోయేంత నవ్వారు. హయాత్ బాషా ఇస్త్రీ బల్ల పట్టుకుని నవ్వాడు. దయారాణి కూడా పవిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రేమరాజు గుడ్డముక్క అందుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

నవ్వులు సద్దుమణిగాక దేవదానం జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. కళ్ళజోడు పెట్టుకుని రత్నబాబు వైపు తిరిగి, "మీ నాన్నగారి పేరేంటి బాబూ? ఊరి పేరు, పోస్టు పేరు కూడా చెప్పు" అన్నాడు.

రత్నబాబు చెవులు ఎర్రబడ్డాయి. సబ్బు బుడగ కూడా లేవనంత గట్టిగా పైపులు బిగించే మనిషికి, తండ్రి పేరు గొంతు దాటి రాలేదు. దయారాణి బిస్కెట్ల డబ్బా మూత వైపు చూస్తూ కూర్చుంది.

ప్రేమరాజు గొంతు సవరించుకున్నాడు. రత్నబాబుకి ఎవరు ఉత్తరాలు రాస్తారో, ఎక్కణ్ణుంచి రాస్తారో, ఇన్నేళ్ళుగా కవర్ల మీద ఓర చూపులు చూసి చూసి అతనికి కంఠతా వచ్చేసింది.

"గూటం యోహాను గారండీ. ఊరు చింతలపల్లి, పోస్టు రాజోలు, తూర్పు గోదావరి జిల్లా" అన్నాడు.

ఆ సాయంత్రం ప్రేమరాజు చెప్పిన రెండో నిజం అది. ఈసారి దానికేమీ కలపలేదు.