దానిమ్మ చెట్టుకు కోటు

కొరియాలో ఆందోంగ్ దగ్గరి ఒక కొండపల్లెలో, చలికాలం తలుపు తడుతున్న వేళ, పెరట్లో ఓక్‌బున్ దానిమ్మ చెట్టుకు గడ్డి చుట్టి తాడు బిగిస్తోంది. చలికాలమంతా నిలవుండేలా ముల్లంగులు పాతిపెట్టడానికి గొయ్యి తవ్వుతున్న ఆమె మొగుడు దోక్‌చిల్ ఉన్నట్టుండి పార ఆపేశాడు.

“అది నా కోటు కదే?”

“ఏది?”

“చెట్టు వేసుకున్నది.”

“ఆఁ. గడ్డి చాలలేదు.”

“చాలకపోతే నా నల్లకోటు తొడుగుతావా? గుండీలు కూడా పెట్టావు.”

“పెట్టకపోతే చలిగాలి దూరదూ? పోయినేడు వదిలేస్తే చలికి కొమ్మలన్నీ మాడిపోయాయి. నువ్వు గొయ్యి తవ్వు.”

“పాత బొంత ఉందిగా?”

“ఉతికాను. ఆరలేదు.”

“ఆరాకే కట్టు. ముందు కోటు విప్పు.”

“ఈ రాత్రికే మంచు పడుతుందంటున్నారు. అయినా అది నువ్వు వేసుకున్నదెప్పుడు? మీ తమ్ముడి పెళ్లిలో. అప్పుడే పొట్ట దగ్గర గుండీ ఎగిరి పెళ్లిపెద్ద చెవికి తగిలింది.”

“ఇప్పుడు సరిపోతుంది. తగ్గాను.”

“ఎందుకు తగ్గావు?”

“ఊరికే.”

“ఊరికే ఎవరయ్యా తగ్గేది? రాత్రిపూట నూడుల్స్ కూడా మానేశావు.”

“అరగట్లేదు.”

“సాయంత్రమైతే మేకల కొట్టంలో దూరి తలుపేసుకుంటున్నావు.”

“మేకకి బాగోలేదు.”

“బాగోలేనిది మేకకేనా? ఆ మూలుగు విని పక్కింటావిడ పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యమంది.”

“మూలుగా? అది... మూలుగులా ఉందా?”

“మొదట్లో. తర్వాత తర్వాత మేక తోక మీద ఎవరో కూర్చున్నట్టుంది.”

“పైస్థాయి అందుకునే చోట అలాగే ఉంటుంది.”

“ఏ స్థాయి?”

“ఏం లేదు. ఈ లోతు చాలా?”

“చాలు. ఇంకా తవ్వితే ముల్లంగులతో పాటు నువ్వూ పడతావు. ఏ స్థాయి అయ్యా?”

“సరే, విను. రేపు టౌను హాల్లో పాటల పోటీ. పేరిచ్చాను. నవ్వు, నవ్వేసెయ్.”

“నవ్వట్లేదు.”

“చిన్నప్పుడు బడిలో ఒకసారి స్టేజి ఎక్కించారు. నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అందరూ నవ్వారు. అరవై దాటాను, ఇప్పుడైనా పాడకపోతే ఇంకెప్పుడు పాడతానే? పోనీ, ఈ బురద లాగుతో ఎక్కమంటావా?”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే పక్కింటావిడకి చెప్తావు. ఆవిడకి చెప్తే ఊరికి చెప్పినట్టే.”

“బాగానే పాడుతున్నావులే. నిన్న ఆ పైస్థాయి కూడా అందింది.”

“విన్నావా?”

“కొట్టం గోడకి చెవి ఆనించి మరీ విన్నాను. తల మీదికి గడ్డి రాలినా కదల్లేదు.”

“నిజంగా అందిందా?”

“నిజంగా. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. అదే వచ్చిన తంటా.”

“తంటా ఏముందే? బాగుందంటున్నావుగా. విప్పు ఆ కోటు.”

“విప్పను.”

“బాగుంటే ఎందుకు విప్పవు?”

“నేనూ పేరిచ్చాను కాబట్టి. రేపటి జాబితాలో నీ తర్వాత పేరు నాదే.”