కాయితంలో లేని నష్టం

మార్కాపురంలో ఆడిటరు ఆఫీసు. బట్టల దుకాణం నడిపే ఆమె తెచ్చిన రెండు దస్తావేజులూ ఆడిటరు రెండుసార్లు తిరగేసినాడు.

“ఇందులో నష్టం ఎక్కడుందక్కా?”

“పొదిలి రోడ్డులో ప్లాటు పద్దెనిమిది లక్షలకు కొంటిమి తమ్ముడూ. మొన్న తొమ్మిదికి అమ్మితిమి. అదంతా మా ఆయన ఆసుపత్రి ఖర్చుకే పోయింది. నష్టం చూపిస్తే పన్నులో కలిసొస్తుందన్నారు.”

“కొన్న దస్తావేజులో నాలుగు లక్షలనే ఉంది.”

“రిజిస్ట్రేషన్ ఖర్చు తగ్గుతుందని అట్ల రాయించినాము. అందరూ అంతే కదా. తక్కిన పద్నాలుగూ చేతికిచ్చినాము.”

“ఇచ్చినట్లు చీటీ ఉందా?”

“దానికి చీటీ ఎవరిస్తారు?”

“అమ్మినప్పుడు మాత్రం తొమ్మిదీ బ్యాంకులోనే పడినాయి. అంటే నీకు ఐదు లక్షలు లాభం. పన్ను అరవై వేల దాకా పడుతుంది.”

ఆమెకు ఎవరి సంగతో విన్నట్లుంది. ఏడుపు కూడా రాలేదు.

“బావ ఏమంటాడక్కా?”

“ఆయన అప్పుడే వద్దన్నాడు. ఉన్నదున్నట్లు రాయిద్దామన్నాడు. నేనే వినలేదు. రిజిస్ట్రేషన్‌లో మిగిలిన లక్షతో ఈ గాజులు చేయించుకున్నా.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు మాట పడిపోయింది కదా. ఏం చెప్పినా తల ఊపుతాడు, అంతే.”

ఆడిటరు పన్ను కాయితమూ పెన్నూ ఆమె వైపు జరిపినాడు.

ఆమె గాజులు పైకి తోసుకుని సంతకం పెట్టింది.

“లాభమనే రాయి తమ్ముడూ. ఇంటికి పోయి ఆయనకూ అదే చెప్తా.”