కోతల మేస్త్రి రంపం

మోటారు రంపాలు బాగుచేసే మేస్త్రిని అందరూ కోతల మేస్త్రి అనేవారు. ఆ పేరు చెట్ల కోతకొచ్చిందా, మాటల కోతకొచ్చిందా అంటే చెప్పడం కష్టం. ముసురుపట్టి అడవిలో పని ఆగిపోయిన ఓ మధ్యాహ్నం ఆయన టీకొట్టు బల్ల మీద చేరగిలబడ్డాడు. ఎదురుగా లారీ డ్రైవరు, పొయ్యి దగ్గర కొట్టు ముసలాయన. మూల గోడకి ఆనుకుని మేస్త్రి బామ్మర్ది, చెట్లు కొట్టేవాడు.

"నేను పెద్దగా చేసిందేముంది? సైలెన్సర్ రంధ్రం ఆకురాయితో కాస్త వెడల్పు చేశా. పొగ సాఫీగా పోతే ఇంజనుకి ఊపిరాడుతుంది, అంతే. అరగంట పట్టే మాను పది నిమిషాల్లో పడింది. ఇంత వచ్చింది కదా, ఇంకాస్త రాదా అని సిలిండరు లోపల దారులూ అరగదీశా, పెట్రోల్లో నూనె తగ్గించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు డ్రైవరు.

"స్టార్టు చేసే తాడు లాగానో లేదో గుట్ట అవతల పిట్టలన్నీ లేచిపోయాయి. మానుకి ఆనించానా, అది తెగింది, దాని వెనకది తెగింది, దాని వెనకదీ తెగింది. ఆపుదామంటే నన్నే ఈడ్చుకుపోతోంది. ఏరు అడ్డొచ్చింది. ఏటినీ కోసింది నాయనా, నీళ్లు రెండు పాయలై నిలబడితే చెప్పులు తడవకుండా దాటొచ్చా."

"మరి చేపలో?" అన్నాడు ముసలాయన గ్లాసులు కడుగుతూ.

"ముక్కలై ఒడ్డున పడ్డాయి, పొయ్యి వెలిగించడమే తరువాయి."

డ్రైవరు నవ్వాడు. బామ్మర్ది రెండేళ్లుగా ఈ కథ వింటున్నాడు. పోయిన వానాకాలం దీన్లో ఏరు లేదు. ఎప్పుడూ గ్లాసు ఖాళీ చేసి వెళ్లిపోయేవాడు. ఈసారి మేస్త్రి ఏటి దగ్గర ఆగలేదు.

"అవతలి ఒడ్డున ఒకడు మాను కింద నడుం దాకా ఇరుక్కుని ఉన్నాడు. రంపం ఇలా తాకించా, మాను రెండు ముక్కలు. వాడు లేచి, దుమ్ము దులుపుకుని, టీ తాగుదాం పద అన్నాడు."

"ఆ లేచినవాడు ఎవరు బావా?" అన్నాడు బామ్మర్ది.

మేస్త్రి తల తిప్పాడు.

"మా అన్నయ్య లేవలేదుగా. మాను మీద పడ్డాక నీ రంపమే తెచ్చాం. నూనె తగ్గించి ముందురోజే ఇచ్చావు. రెండంగుళాలు కోసి బిగుసుకుపోయింది. నువ్వు గంటసేపు తాడు లాగుతూనే ఉన్నావు. నేను చేతిరంపం పట్టా. సగం తెగేసరికి అన్నయ్య పలకడం మానేశాడు." గొంతు పెంచలేదతను.

డ్రైవరు తల దించుకున్నాడు. పొయ్యి మీద నీళ్లు పొంగిపోతున్నా ముసలాయన కదల్లేదు.

"పిస్టన్ అతుక్కుపోయింది," అన్నాడు మేస్త్రి. "నూనె చాలక. మొదటిసారి లాగినప్పుడే తెలిసింది, అదింక తిరగదని. తెలిసే లాగాను. ఆపితే వాడి మొహం చూడాల్సొచ్చేది."

"ఈ సంగతి మా అక్కకి చెప్పావా?"

"లేదు."

"చెప్పు," అని బామ్మర్ది వానలోకి దిగాడు. కాసేపటికి వెనక బురదలో బావ అడుగుల చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు గాని, నడక కొంచెం నెమ్మది చేశాడు.