మోయిరా చెరిపినది

నా పేరు ఆల్బన్ ట్రెగియర్. వయసు అరవై ఆరు. సర్వేయరుగా పనిచేసి రిటైరయ్యాను. విక్టోరియా రాష్ట్రం, డనలూ ఊళ్లో మిల్ వీధిలో ఉంటాను. మొన్న గురువారం చనిపోయిన మోయిరా నా భార్య. నిన్న పక్కింటి డెస్ కెసిక్ కిటికీ అద్దాలు ఎవరో పగలగొట్టారని కానిస్టేబుల్ బోవెల్ నన్ను పిలిపించారు.

గురువారం ఉదయం మోయిరా టోస్టు సగం తిని వదిలేసింది. పదింటికి మాంసం కొట్టుకు వెళ్లాం. కొట్టు యజమాని వెస్ అందరి ముందూ అన్నాడు: "ఏం మోయిరా, రబ్బరు తెచ్చావా? నా కరెంటు బిల్లు కూడా కాస్త చెరిపెయ్."

"ముందు నీ తూకం దిద్దాలి వెస్," అంది. జనం నవ్వారు. కారెక్కాక సీటు బెల్టు పెట్టుకోలేకపోయింది. నేను పెట్టాను. మాంసం ఫ్రిజ్‌లో సర్ది, పడుకుంటానంది. రెండింటికి టీ తీసుకెళ్లాను. లేవలేదు.

ఆమె గుండె కవాటం ఏళ్ల తరబడి పాడై ఉంది. డాక్టరు అదే రాశాడు. దాన్ని నేను మార్చి చెప్పను.

ఇక వెస్ ఆ మాట అనడానికి కారణమైన వీడియో సంగతి. అంతకు ముందు శనివారం పోలింగ్. స్కూలు హాలుకు మోయిరా ఇన్‌ఛార్జి. ఇక్కడ ఓటు పెన్సిల్‌తో వేస్తాం. ఓటేసే చోట నిలబెట్టిన అట్టల లోపలి వైపు ఎవరో ఒకరు తమ అభ్యర్థి పేరు గీకి పోతారు. తర్వాత వచ్చేవాళ్ల కంట అది పడకూడదు. మధ్యమధ్య వెళ్లి దాన్ని చెరపడం ఆమె పని. డెస్ గుమ్మం బయట సాసేజీ రొట్టె తింటూ వెనక నుంచి ఫోన్లో తీశాడు. వంగిన వీపు, కదిలే మోచెయ్యి, రబ్బరు. ఆమె ఇటు తిరిగినప్పుడు ముఖం. "మన ఓట్లు చెరిపేస్తోంది" అని ఫేస్‌బుక్‌లో పెట్టాడు.

సోమవారం కంచె దగ్గర అడిగాను. "పక్కిల్లేగా డెస్. తలుపు కొట్టి అడగలేకపోయావా?"

"అడిగితే అవునంటుందా ఏంటి? అయినా టీవీలో కూడా వచ్చిందిగా. వాళ్లు చూసుకోకుండా వేస్తారా?"

టీవీ ఛానెల్‌కు ఫోన్ చేశాను. "నిజమని మేం అనలేదు సార్. జనంలో తిరుగుతోందని మాత్రమే అన్నాం," అన్నాడు ఎడిటర్. ఆమె ముఖాన్ని మాత్రం రెండు రోజులు చూపించారు. తప్పేమీ జరగలేదని ఎన్నికల కార్యాలయం ప్రకటించాక, వాతావరణ వార్తలకు ముందు ఒక్క వాక్యం చదివి వదిలేశారు. మా ఊరి వారపత్రిక ఒక్కటే ఆమెను అడిగి, ఉన్నది ఉన్నట్టు రాసింది. అది బుధవారం వచ్చింది. మర్నాడు వెస్ కొట్లో ఆ పత్రికలోనే మాకు మాంసం చుట్టి ఇచ్చాడు.

శుక్రవారం, నేనెరగని మనిషి ఎవరో మోయిరా ఉరి వేసుకుందని ఫేస్‌బుక్‌లో రాశారు. కింద డెస్ పేరు, ఇంటి నంబరు. మర్నాడే రాళ్లు పడ్డాయి.

నేను రాయి వెయ్యలేదు. అద్దం పగిలిన చప్పుడు విన్నాను. లేచి చూడలేదు. చప్పుడు బాగుందనిపించింది. అదీ రాసుకోండి.

మా చెల్లెలు రోవెనా అంది: "నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు అన్నయ్యా. ఆ ఉరి మాట కాదనకుండా ఊరుకుంటే చాలు. వాడినీ కాస్త రుచి చూడనీ."

"మోయిరా మీద ఇంకో అబద్ధమా?"

"ఇది వదిన వైపు అబద్ధం."

"ఆమె వైపు అబద్ధాలు లేవు."

ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పినదే ఉంది, చెప్పనిది లేదు. తప్పని తేలితే శిక్షకు ఒప్పుకుంటాను.

ఇంకొకటి. ఉరి మాట నిజమేనా అని అడగడానికి అదే టీవీ వాళ్లు రేపు ఉదయం ఎనిమిదింటికి కెమెరాతో మా వీధికి వస్తున్నారు. బయటికి వెళ్తాను. నా భార్య గుండె జబ్బుతో పోయిందని చెబుతాను. డెస్ ఊపిరి పీల్చుకుంటాడు. చెయ్యి చాపుతాడేమో కూడా. పట్టుకోను.

(సంతకం) ఆల్బన్ ట్రెగియర్