తేలిక తుపాకీ

“పదేళ్ల కాపురంలో ఒక్క బిందె ఎత్తని మడిసి, కుడి భుజం ఇలా కమిలించుకొచ్చారేటండీ?”

పరవాడలో వాళ్ల వేరుశనగ చేను తవ్వేస్తున్న అడవిపందుల కోసం, పంతొమ్మిదివందల డెబ్బై ఒకటిలో ఆ హార్బరు గుమస్తాకి తుపాకీ లైసెన్సొచ్చింది. తేలికదా, బరువుదా, ఏ తుపాకీ కావాలో సాయంత్రంలోగా షాపులో చెప్పాలి. ఈలోగా భార్య ఉప్పుమూటతో కాపడం పెడుతోంది.

“గాజువాకలో బస్సు తలుపు తగిలిందన్నాను కదే!”

“తలుపు తగిలితే తుపాకీ మడమ అచ్చు పడతాదేటి? నిన్న రెండు తుపాకులూ పేల్చి సూత్తానని ఎల్లారు కదా.”

“ఎల్లాను. తేలికదే కొంటాను. పందుల ఎనకాల కొండెక్కాలి, దాన్ని మొయ్యాలి కదా! పైగా పంది ఒక్క దెబ్బకి పడిపోయే పెద్ద తూటా!”

“తేలిక పీట మీద కొబ్బరికాయ కొడితే పీటే ఎగురుద్ది. అంత తూటాకి తుపాకీ బరువుండాల. లేపోతే పందికన్నా ముందు మీరే పడతారు.”

“తుపాకుల గురించి నీకేటి తెలుసు?”

“బీయస్సీ ఫిజిక్సులో సగం నేర్పారు. మిగతా సగం మీ భుజం సెప్తంది.”

“బస్సు తలుపేనంటే!”

“అయితే కుడిచెయ్యెత్తి ఒట్టెయ్యండి. తేలికదే తెచ్చుకోండి, నాను నోరెత్తను.”

ఆయన చెయ్యి ఛాతీ దాకా లేచి, అక్కడే ఆగిపోయింది. ఆవిడ తొందరేం లేనట్టు ఉప్పుమూటను మళ్లీ పెనం మీద పెట్టింది.

“అమ్మోయ్! ఆ తేలిక తుపాకీయే తన్నిందే. తప్పు నాదే. బరువుదే కొంటాను, ముందా మూట ఇలా తే!”