ఊరి తప్పులు మోసిన మేక

సుంకమ్మకి ఉన్నదల్లా ఒక్క మేకంట. ఈనిన మేక, రెండు పిల్లలు. ఆ పాలమ్మితేనే పొయ్యి వెలిగేది. ఆ ఏడు వాన ఎగ్గొట్టింది. వాన రాకుంటే ఊళ్ళో తప్పులు ఎక్కువైనట్టే ఆ పక్క లెక్క. అప్పుడు ఇంటికొకరు ఒక మేక నెత్తిన చెయ్యిబెట్టి, దాని చెవిలో తమ తప్పు చెప్పాల. ఆనక దాన్ని పొలిమేర దాటించి తోలెయ్యాల. తిరిగొస్తే తప్పులూ వెంటే వస్తాయి, అదీ ఆచారం. ఊరిపెద్ద ఓబిరెడ్డి వచ్చి నీ మేక కావాల సుంకమ్మా అన్నాడంట. "నీ దొడ్లో ఇరవై ఆరు ఉండాయి గదా రెడ్డీ?" "అవి సంతకి పోయేవి లేమ్మా." సుంకమ్మ మేకపిల్లల పక్క చూసింది. "సరే, తాడు మాత్రం నేనే పట్టుకుంటా, కొత్త చేతికి బెదురుతాది" అనింది.

ముప్పై రెండిళ్ళు, ముప్పై రెండు తప్పులనుకో. వియ్యంకుడి కోడిని కోసుకుతిని నక్క మీద పెట్టినోడు ఒకడు. గట్టురాయి పక్కోడి చేలోకి రెండడుగులు జరిపినోడు ఓబిరెడ్డి. అందరూ గుసగుసగానే చెప్పినారు, కానీ మేక చెవికీ సుంకమ్మ చెవికీ మధ్య జానెడే గదా. మేకను మూడు మైళ్ళు తోలి ఊరంతా హాయిగా తిరిగొచ్చె. ఏమైందంటే, తల్లిని తోలినారు గానీ పిల్లలు సుంకమ్మ దొడ్లోనే ఉండాయి. పొదుగు నిండితే తల్లి ఆగుతాదా? కాపరోళ్ళని పెట్టి మేపించుకునే రెడ్డికి ఇదేం తెలుసు. పాలు పిండే యాళకి మేక గుమ్మంలో నిలబడింది.

ఊరంతా కర్రలతో వచ్చినారంట. సుంకమ్మ కదల్లేదు. "ముప్పై రెండూ దాని నెత్తినే ఉండాయి. ఏది ఎవరిదో నాకు తెలుసు, ఒక్కోటీ దించి ఇచ్చేస్తా. మొదటిది మన రెడ్డిది, ఆ గట్టు కాడ..." "ఆగమ్మా ఆగు," అన్నాడు ఓబిరెడ్డి, "మేక అలిసొచ్చింది, ముందు దానికి నీళ్ళు పెట్టు."

బడి చెప్పే దావీదు సారు ఇదంతా చూసి, దీనికి ఇంగ్లీషులో ఒక మాట ఉందమ్మా, స్కేప్‌గోట్ అంటారు అన్నాడు. స్కేప్ అంటే తప్పించుకోవటం, గోట్ అంటే మేక. ఎన్నడో జనం పాపాలన్నీ మేక మీద పెట్టి అడివికి తోలేవాళ్ళంట. అట్లా తప్పించుకుపోయిన మేక అని రెండు మాటలూ అతికించినారంట. సుంకమ్మ పాలు పిండుతానే, "పేరు సరిగా కుదర్లేదు సారూ. తప్పించుకునేది మేక కాదు గదా, ఊరు" అనింది.

వాన పడిందా అంటారా? నాలుగో రోజు పడింది, ఎందుకో నన్నడగొద్దు. వానకంటే ముందే గట్టురాయి రెండడుగులు వెనక్కి పోయింది, అది మాత్రం నాకు తెలుసు.